అన్నీ గ్యాసు ఖాతాలో వేయకు తల్లీ

తల్లీ,

గాల్‌బ్లాడర్ తీయించుకుని ఏడాది దాటినా కుడి డొక్కలో పోటు నిన్ను వదల్లేదనీ, ముద్ద దిగిందో లేదో బాత్‌రూముకి పరిగెత్తాల్సి వస్తోందనీ మీ అమ్మ చెబితే తెలిసింది. నువ్వు చెప్పలేదు. "రాళ్లు తీసేశారుగా, ఇంకా ఏవిటే నీ గోల" అని ఇంట్లో ఒకరిద్దరు అనేసరికి నోరు కట్టేసుకున్నావట. సర్జికల్ వార్డులో ఇన్నేళ్లు నర్సుగా చేసిన పెద్దమ్మ అమలాపురంలో ఉండగా, నువ్వు రాజోలులో ఒక్కర్తివీ డొక్క పట్టుకుని కూర్చోవడమేవిటే?

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. నీ నొప్పి నిజం. ఈ ఆపరేషన్ అయినవాళ్లలో ఎక్కువమంది సుఖంగానే ఉంటారు. కానీ నొప్పో, ఉబ్బరమో, విరేచనాలో మిగిలిపోయేవాళ్లూ తక్కువేం కాదు. డాక్టర్ల పుస్తకాల్లో దీనికి పోస్ట్ కొలిసిస్టెక్టమీ సిండ్రోమ్ అని పేరే ఉంది. అయితే అది ఒక్క జబ్బు కాదు, పదిరకాల బాధలకు కలిపి పెట్టిన పేరు. నీది అందులో ఏదో తేల్చుకోకుండా గ్యాసు బిళ్ల వేసుకుని సర్దుకుపోవడమే నాకు నచ్చని పని.

గాల్‌బ్లాడర్ తీసేస్తే ఇక పైత్యరసం తయారవదనుకుంటారు మనవాళ్లు. దాన్ని తయారుచేసేది కాలేయం. రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా చేస్తుంది. గాల్‌బ్లాడర్ అనే సంచిలో పట్టేది ముప్పై నలభై మిల్లీలీటర్లే, అదీ బాగా చిక్కబరిచి దాచుకున్న రసం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కుడి పక్కటెముకల కింద జానెడు కోత పెట్టి ఈ ఆపరేషన్ చేసేవారు. పైత్యరస నాళంలో కూడా రాళ్లుంటే అందులో టీ ఆకారం గొట్టం పెట్టి, చివర సంచి తగిలించేవారు. పొద్దున్నే ఆ సంచిలో చేరిన పసుపుపచ్చ రసాన్ని కొలిచి కేస్ షీట్లో రాయడం నా పని. కాలేయం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుందని నాకు తెలిసింది పుస్తకాల్లో కాదు, ఆ కొలత గ్లాసులో.

మన గోదావరి కాలవల మీద లాకులున్నాయి చూడు, నీళ్లు ఆపి అదను చూసి వదలడానికి. గాల్‌బ్లాడర్ చేసే పనీ అదే. నువ్వు నెయ్యో నూనో తిన్నప్పుడు ఒక్కసారిగా రసాన్ని పేగులోకి వదిలేది. ఇప్పుడది లేదు కనుక రసం పగలూ రాత్రీ కొంచెంకొంచెంగా కారుతూనే ఉంటుంది. మామూలుగా చిన్నపేగు చివరిభాగం పైత్యరసంలోని ఆమ్లాలను నూటికి తొంభై అయిదు పాళ్లు మళ్లీ పీల్చుకుని కాలేయానికి పంపుతుంది. అక్కడ పీల్చుకోగా మిగిలింది ఎక్కువైతే పెద్దపేగులోకి దిగుతుంది. పెద్దపేగుకి అది పడదు. నీళ్లు ఊరుతాయి, మెలిపెడుతుంది, ఇక ఆపుకోవడం నీ చేతుల్లో ఉండదు. పసుపుపచ్చగా, నీళ్లగా, మంటగా పోతోందని మీ అమ్మతో అన్నావట. అది విన్నాక నాకు మొదట వచ్చిన అనుమానం ఇదే.

దీనికి మందుంది తల్లీ. కొలెస్టిరమిన్ అనే పొడి ఆ ఆమ్లాలను పట్టుకుని బయటికి పంపేస్తుంది. రుచి బాగోదు, ఇసుక తాగినట్టుంటుంది, కానీ సరిపడినవాళ్లకు కొద్దిరోజుల్లోనే తేడా తెలుస్తుంది. డాక్టరుగారిని అడుగు, "నాకు పైత్యరసం వల్ల వచ్చే విరేచనాలేమో చూస్తారా" అని. సిగ్గుపడకు. ఆయన రాస్తే ఒక జాగ్రత్త. ఆ పొడి మిగతా మందుల్ని కూడా పట్టేసుకుంటుంది. నీ థైరాయిడ్ బిళ్లకీ దానికీ మధ్య కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలి. ఎక్కువకాలం వాడితే ఎ, డి, ఇ, కె విటమిన్లు తగ్గే వీలుంది కనుక ఆ సంగతీ అడుగు. తేలికపాటి బాధైతే ఇసబ్‌గోల్ పొట్టు నీళ్లలో కలుపుకున్నా కాస్త గట్టిపడుతుంది. మలబద్ధకానికి వాడేది విరేచనాలకెలా అని కంగారుపడకు, అది నీటిని పీల్చి పట్టుకుంటుంది.

ఇక నొప్పి. దీని దగ్గర తొందరపడకూడదు. ఎప్పుడొస్తుంది, ఎంతసేపుంటుంది, ఎక్కడికి పాకుతుంది, ఇవి ఒక నోటుబుక్కులో రాయి. ఎందుకంటే ఒక్కో నొప్పి దారి వేరు.

తిన్న కాసేపటికి పైకడుపులో గట్టిగా పట్టేసి, వీపులోకో కుడి భుజానికో పాకి, అరగంటో గంటో అలాగే ఉండి వదిలితే నాళంలో రాయి మిగిలిందేమో చూడాలి. సంచి తీసేసినా నాళంలోకి జారిన రాయి ఉండిపోవచ్చు, కొన్నేళ్ల తర్వాత కొత్తది పుట్టనూవచ్చు. నొప్పి వచ్చిన పూటే కాలేయం రక్తపరీక్ష చేయిస్తే చాలా సంగతులు తెలుస్తాయి. మామూలు స్కానింగులో నాళం చివర రాయి కనపడకపోవచ్చు, అప్పుడు ఎమ్మార్‌సీపీ అనే ఎమ్మారై స్కానింగ్ చేస్తారు. రాయి ఉందని తేలితే నోట్లోంచి గొట్టం పంపి ఈఆర్‌సీపీ పద్ధతిలో తీసేస్తారు, మళ్లీ కడుపు కోయరు. హైదరాబాద్‌లో డాక్టర్ నాగేశ్వరరెడ్డిగారిలాంటివాళ్లు ఈ గొట్టం వైద్యానికి ప్రపంచంలోనే పేరు తెచ్చారు.

పరగడుపునో అర్ధరాత్రో మంటగా ఉండి, పులితేన్పులొస్తుంటే అది కడుపులో పుండో, ఆమ్లం పైకి ఎగదన్నడమో కావచ్చు. నీకిది ఆపరేషన్‌కి ముందూ ఉండేదేమో గుర్తు చేసుకో. రాళ్లు చాలామందిలో ఏ బాధా పెట్టకుండా ఉండిపోతాయి. కడుపు ఉబ్బరానికని స్కానింగ్ చేస్తే రాళ్లు కనపడతాయి, సంచి తీస్తారు, ఉబ్బరం మాత్రం అలాగే ఉంటుంది. దాని కారణం మొదటినుంచీ వేరే ఉందన్నమాట. ఎండోస్కోపీ చేసి హెచ్ పైలోరీ అనే క్రిమి ఉందో లేదో చూస్తే దానికి తగిన మందు పడుతుంది.

ఇంకొకటి నువ్వే ఇంట్లో చూసుకోగలవు. వెల్లకిలా పడుకుని, నొప్పి ఉన్నచోట ఒక్క వేలు ఆన్చి, తలా భుజాలూ కొంచెం పైకెత్తు. పొట్ట బిగిసినప్పుడు నొప్పి పెరిగితే అది లోపలి అవయవానిది కాక పొట్ట గోడదో, ఆపరేషన్‌కి చిల్లు పెట్టినచోట నలిగిన నరానిదో అయ్యే అవకాశం ఎక్కువ. దానికి కడుపు మందులు ఎన్ని మింగినా లాభం లేదు, ఆ చోట మత్తు ఇంజెక్షన్ ఇస్తే తగ్గేవాళ్లున్నారు. బొడ్డు దగ్గర దగ్గినప్పుడు ఉబ్బెత్తుగా వస్తే మాత్రం హెర్నియా ఏమో చూపించుకోవాలి.

పేగులోకి రసం దిగేచోట ఒక చిన్న కండరం బిగుసుకుంటూ వదులుతూ ఉంటుంది. ఇటలీలో ఒడ్డీ అనే ఆయన వైద్య విద్యార్థిగా ఉండగానే 1887లో దాని గురించి వివరంగా రాశాడు, ఆయన పేరే దానికి నిలిచింది. అది సరిగా వదలక నొప్పి వస్తుందని కొందరికి కోసేస్తారు. రక్తపరీక్షలూ నాళం వెడల్పూ మామూలుగా ఉన్నవాళ్లకు ఆ కోత వల్ల ఉపయోగం లేదని 2014లో అమెరికాలో చేసిన పెద్ద పరిశోధనలో తేలింది. పైగా ఆ పని తర్వాత క్లోమం వాచే ప్రమాదముంది. అందుకని ఎవరైనా "కండరం కోయించుకో" అంటే, పరీక్షల్లో ఏముందో చూపించమని అడిగాకే ఒప్పుకో.

ఇప్పుడు చెప్పేది అల్లుడుగారికీ, మీ అత్తగారికీ కూడా చదివి వినిపించు. కళ్లు పచ్చబడితే, మూత్రం టీ డికాక్షన్ రంగులో పోతే, విరేచనం సున్నం రంగుకు తిరిగితే, చలితో జ్వరమొస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు. మన ఊళ్లల్లో కళ్లు పచ్చబడగానే పసరు మందుకో, చేతికి వాతలు పెట్టించుకోవడానికో తీసుకుపోతారు. నీ విషయంలో అది చేయనివ్వకు. రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లకు పసరు పని చేయదు, ఈలోగా నాళంలో చీము పట్టి ప్రాణం మీదకొస్తుంది. నల్లగా తారులాంటి విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఆగని వాంతులు కూడా అంతే. పైకడుపులో బరువుగా ఉండి చెమటలు పట్టి, దవడకో ఎడమ చేతికో లాగితే అది గుండెదే కావచ్చు. గ్యాసు గ్యాసు అంటూ సోడా తాగించి పోగొట్టుకున్నవాళ్లను వార్డులో చూశాను తల్లీ. ముందు ఈసీజీ తీయించాలి, మిగతా మాటలు ఆ తర్వాత.

ఆర్‌ఎంపీ దగ్గర పోటుకి ఇంజెక్షన్ చేయించుకుంటున్నావని కూడా విన్నాను. ఆయన మంచివాడే, అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. కానీ డైక్లోఫెనాక్ లాంటివి మాటిమాటికీ వాడితే కడుపులో పుండు పడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. నొప్పికి వాడిన మందే కొత్త నొప్పి తెస్తుంది.

తిండి గురించి మీ అమ్మ చెప్పింది వింటే నాకు ఏడుపొచ్చింది. పొద్దున్న రెండు బిస్కట్లు, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మజ్జిగ. ఏడాదిగా ఇదేనట. కొబ్బరి లేని కూర ఎరగని ఇంట్లో పుట్టినదానివి! ఈ ఆపరేషన్‌కి జన్మంతా పథ్యం అక్కర్లేదు. కొవ్వు ఒక్కసారే ఎక్కువ తింటే ఇబ్బంది, అంతే. రెండు పూటలు నిండుగా తినే బదులు నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా తిను. కూరలో నూనె తగ్గించు, మానేయకు. ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెట్టి, రెండుమూడు రోజులు చూసి, పడితే ఉంచు. కర్పూర అరటిపండు, మెత్తటి అన్నం, పెసరకట్టు, పొట్టిక్కలు, ముల్లు తీసిన సన్నచేప పులుసు, వీటితో మొదలుపెట్టు. కాఫీ, పచ్చిమిరపకాయ, పాలు ఎవరికి పడతాయో ఎవరికి పడవో చెప్పలేం, నీ నోటుబుక్కే చెప్పాలి. పులస మాత్రం బాగా కొవ్వున్న చేప, పులసల కాలంలో ఒక ముక్కతో ఆపు. ఆత్రేయపురం పూతరేకు నేతితో నిండి ఉంటుంది, సగం తిని సగం పిల్లాడికి పెట్టు.

కొబ్బరినూనెకి పైత్యరసంతో పనిలేదు, ఎంతైనా తాగొచ్చని ఫోనుల్లో తిరుగుతోంది. నమ్మకు. పైత్యరసం అంతగా అవసరంలేని చిన్న కొవ్వులు అందులో నూటికి పదిహేను పాళ్లకు మించవు. సగం దాకా ఉండేది లారిక్ ఆమ్లం, అది చాలావరకు మామూలు కొవ్వులాగే అరగాలి. పచ్చడిలో కొబ్బరి తిను, గరిటెలతో నూనె తాగకు.

మొన్న కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి నువ్వు రాలేదంటే పిల్లాడికి జ్వరమేమో అనుకున్నాను. తోటలో బాత్‌రూము ఉండదని రాలేదట కదా. పెళ్లిళ్లు మానేశావు, బస్సెక్కడం మానేశావు. పోటు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. ఇరవయ్యేళ్లు పైబడి నవ్వుతూ తిరిగిన పిల్లవి, విరేచనాల భయంతో గుమ్మం దాటకపోతే ఎలాగే? బయలుదేరే రోజు పొద్దున్న టిఫిన్ తేలిగ్గా పెట్టుకో. అలాంటి రోజుల కోసం లోపెరమైడ్ బిళ్ల ఒకటి వేసుకోవచ్చేమో డాక్టరుగారిని అడిగి ఉంచుకో. జ్వరం ఉన్నప్పుడో, రక్తం పడుతున్నప్పుడో మాత్రం దాన్ని ముట్టకు. సంచిలో ఒక జత బట్టలు పెట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది. తోడొచ్చే ఒక్కరికి ముందే చెప్పు.

అన్ని పరీక్షలూ మామూలుగా వచ్చి, డాక్టరుగారు అమిట్రిప్టిలిన్ లాంటి మందు చిన్న మోతాదులో రాస్తే కోపం తెచ్చుకోకు. "నాకు పిచ్చి అనుకుంటున్నారు" అని ఆ చీటీ చింపేసినవాళ్లున్నారు. నెలల తరబడి నొప్పి పడ్డ నరాలు చిన్న కదలికకు కూడా గట్టిగా కేక పెట్టడం నేర్చుకుంటాయి. ఆ మందు వాటిని నెమ్మదింపజేస్తుంది. కొన్ని వారాలు వాడితేగానీ ఫలితం తెలియదు.

గాల్‌బ్లాడర్ తీసే ఈ ఆపరేషన్ 1882లో బెర్లిన్‌లో లాంగెన్‌బుక్ మొదటిసారి చేశాడు. చిల్లులు పెట్టి చేయడం జర్మనీలోనే 1985లో మొదలైంది, మన దేశంలో 1990లో ముంబయిలో ఉద్వాడియాగారు చేశారు. ఇప్పుడు మన అమలాపురంలోనే చేస్తున్నారు, మర్నాడో ఆ పైరోజో ఇంటికొచ్చేస్తున్నారు. అంత తేలిగ్గా అయిపోవడం మంచిదే. కానీ కోత చిన్నదైనకొద్దీ తర్వాత బాధ ఉంటే నమ్మేవాళ్లు తగ్గిపోయారు. నేను నమ్ముతున్నాను.

వచ్చే సోమవారం పరగడుపున బయలుదేరి అమలాపురం వచ్చేయ్. బస్టాండుకి నేనొస్తాను, ఇద్దరం కలిసి కిమ్స్‌కి వెళదాం. డిశ్చార్జి కాగితం, ఆపరేషన్ నోట్సు, తీసిన గాల్‌బ్లాడర్‌కి చేసిన బయాప్సీ రిపోర్టు, అన్నీ తీసుకురా. బయాప్సీ రిపోర్టు తీసుకోకపోయి ఉంటే చేసిన ఆసుపత్రిలో అడిగి తెప్పించు, అది చూడకుండా వదలకూడదు. లంకలో ఇల్లు కనుక గోదావరి పొంగితే కాగితాలు దక్కవు, అన్నిటికీ ఫోన్లో ఫోటోలు తీసి నాకూ పంపు. నోటుబుక్కులో రాసింది ఒక పేజీకి కుదించు, డాక్టరుగారి దగ్గర మనకు దొరికేది అయిదు నిమిషాలే. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు కూడా తెచ్చుకో, ఏ పరీక్ష అందులోకి వస్తుందో అక్కడే అడుగుదాం.

మీ అత్తగారితో నేను ఫోన్లో మాట్లాడతాను. పిల్లాణ్ణి అమ్మ దగ్గర వదిలి రా, ఆ రోజు పొద్దుపోవచ్చు.

మీ పెద్దమ్మ