గట్టు తీస్తే చాలు

పిల్లలు ఆడుకోవడానికి కారణం కావాలా? వ్యాయామ విద్యలో పీహెచ్‌డీకి చేరినప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. మా రంగంలో ఏ థీసిస్ తెరిచినా మొదటి పేజీ నిండా కారణాలే. అయిదు నుంచి పదిహేడేళ్ల వయసు వాళ్లు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు బాగా కదిలేలా గడపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. 146 దేశాల లెక్కలు తీస్తే, 2016 నాటికి 11-17 ఏళ్ల బడిపిల్లల్లో 81 శాతం మందికి ఆ మాత్రం కదలిక కూడా లేదు. అబ్బాయిల్లో 78 శాతం, అమ్మాయిల్లో 85 శాతం. ఎముకలు, గుండె, బరువు, చక్కెర జబ్బు... ఈ అంకెల వెనక ఉన్న భయం నిజమైనదే. నా సినాప్సిస్ కూడా వీటితోనే మొదలవుతుంది.

అయినా ఒక సందేహం పీకుతూనే ఉంది. ఎప్పుడో నలభై ఏళ్లకు రాబోయే జబ్బు పేరు చెప్పి ఇవాళ పరుగెత్తమంటే, ఆ పరుగు ఆటేనా?

మన పెద్దలు ఈ ప్రశ్నను ఏకంగా దేవుడి విషయంలోనే అడిగారు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఒక పూర్వపక్షం ఉంది. ప్రయోజనం లేనిదే ఎవరూ ఏ పనికీ పూనుకోరు కదా, ఏ కొరతా లేని పరమాత్మకు లోకాన్ని సృష్టించాల్సిన అవసరం ఏమొచ్చింది అని. సూత్రకారుడు దానికి లీల అని జవాబిస్తాడు. కోరికలన్నీ తీరిన రాజు కూడా విహారానికి వెళ్తాడు కదా అంటారు శంకరులు తమ భాష్యంలో. వెలితి ఉంటేనే పని పుడుతుందన్న మాటకు ఇది ఎదురు నిలుస్తుంది. నిండుగా ఉన్నచోటి నుంచి కూడా కదలిక పుడుతుంది. దేవుడి సంగతి ఏమో గానీ, పిల్లల విషయంలో అది కళ్లారా చూస్తున్నాను.

నా ఫీల్డ్‌వర్క్ ఒక మండల కేంద్రంలోని హైస్కూల్లో. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లల నడుముకు ఎలాస్టిక్ బెల్టుతో యాక్సిలరోమీటర్ కడతాను. అరచేతిలో ఇమిడిపోయే పెట్టె. రోజంతా ఎప్పుడెంత కదిలారో నమోదు చేస్తుంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె గ్రాఫులో సాయంత్రం ఆరు గంటలప్పుడు గీత బాగా పైకి లేచి కనిపించింది.

"ఆ టైములో ఏం ఆడతావమ్మా?" అని అడిగాను.

"ఆడను మేడమ్. పంపు దగ్గర్నుంచి నీళ్లు మోస్తా" అంది.

అదే పిల్ల పొద్దున బెల్లు కొట్టకముందు వరండా పక్కన తొక్కుడు బిళ్ల ఆడుతుంది. పుల్లతో గళ్లు గీసి, పెంకు ముక్క విసిరి, చున్నీ నడుముకు బిగించి, కింది పెదవి పంటితో నొక్కిపట్టి ఒంటికాలి మీద గెంతుతుంది. గీత తొక్కావంటారు అవతలివాళ్లు, తొక్కలేదంటుంది ఈమె. ఆ కాసేపూ నడుముకు బెల్టుందన్న ధ్యాసే ఉండదు. మీటరుకు బిందె మోసినా బిళ్ల తొక్కినా కదలికే. ఆ పిల్లను అడిగితే మాత్రం రెంటికీ పొంతనే లేదంటుంది.

1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. రంగు పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి, ఇచ్చారు. తర్వాత కొన్నాళ్లకు ఎవరూ ఏమీ చెప్పకుండా పెన్నులు బల్లల మీద పెట్టి చూస్తే, ఆ పిల్లలు వాటితో గడిపిన సమయం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగమే. ఇష్టంగా చేస్తున్న పనికి బయటి నుంచి కారణం తగిలిస్తే ఇష్టం పలచబడిపోయింది. భగవద్గీత కూడా ఫలమే లేదనదు. ఫలాన్ని కర్మకు హేతువు చేసుకోవద్దంటుంది. ఆరోగ్యం ఆటకు ఫలమే. దాన్నే హేతువు చేసి పిల్లల ముందు పెట్టినప్పుడు ఆట చేజారిపోతుంది.

మరి ప్రోత్సాహమనే దానికి చోటే లేదా? ఉంది. అది ఎక్కడుందో నాకు పతంజలి దగ్గర దొరికింది. యోగసూత్రాల కైవల్యపాదంలో, ప్రకృతిలో మార్పు ఎలా వస్తుందో చెబుతూ ఆయన రైతును గుర్తుచేస్తాడు. ఒక మడిలోంచి మరో మడికి నీళ్లు పెట్టాలంటే రైతు నీటిని తోయడు. అడ్డున్న గట్టు తెంపుతాడు. నీరు దానంతటదే పారుతుంది.

మా బళ్లో ఆడపిల్లల ఆటకు అడ్డున్న గట్లు నాకు తెలుసు. ఈడొచ్చిన పిల్లవు, ఈ గెంతులేంటన్న మాట ఒకటి. లెక్కల క్లాసుగా మారిపోయే గేమ్స్ పీరియడ్ మరొకటి. అబ్బాయిల క్రికెట్టుకే సరిపోయే గ్రౌండు, గడియ పడని బాత్రూము, నెలసరి రోజుల భయం, సాయంత్రమంతా మింగేసే నీళ్ల బిందెలు.

ఆడటమే ఇష్టంలేని పిల్లల మాటేమిటని మా గైడ్ అడిగారు. న్యాయమైన ప్రశ్న. అలాంటి పిల్లలతో కూర్చుని మాట్లాడాను. జట్లు పంచుకునేటప్పుడు ఎప్పుడూ చివరికి మిగిలిపోయే పిల్ల, పరుగెత్తితే నలుగురూ నవ్వారని మళ్లీ గ్రౌండులో అడుగుపెట్టని పిల్ల. ఇష్టం లేదన్న మాట కింద అవమానం ఉంది. అదీ గట్టే. తన ఇష్టప్రకారం చేస్తున్నానన్న భావన, చేయగలనన్న నమ్మకం, నావాళ్లున్నారన్న ధీమా, ఈ మూడూ మనిషికి మౌలిక అవసరాలని మనస్తత్వ శాస్త్రవేత్తలు డెసి, రయాన్ తమ సిద్ధాంతంలో చెప్పారు. ఏ పిల్లకు వీటిలో ఏది కరువైందో కనిపెట్టడమే నా దృష్టిలో ప్రోత్సాహం.

అందుకే పిల్లలను ఎలా కదిలించాలన్న ప్రశ్నను పక్కనపెట్టి, వాళ్లను ఏది ఆపుతోందన్న ప్రశ్న మీద నా అధ్యాయాలు రాసుకుంటున్నాను. గేమ్స్ పీరియడ్‌ను ఆటలకే వదలమని హెడ్మాస్టరును అడగడం, వారంలో రెండు పూటలైనా గ్రౌండు ఆడపిల్లలకు ఇప్పించడం, బాత్రూముకు గడియ పెట్టించడం, కూతురి చేతిలోని బిందెను కొడుకూ పట్టుకోవాలని తల్లిదండ్రులకు చెప్పడం, ఇవి పెద్దవాళ్ల ధర్మాలు. రోజుకు 60 నిమిషాల లెక్క మనకుండాలి. పిల్లల నెత్తిన మాత్రం దాన్ని పెట్టకూడదు.