హితవు ఎవరి నోట రావాలి?

రక్తపరీక్షలో చెడు కొలెస్ట్రాల్ ఎక్కువని తేలుతుంది. నూనె తగ్గించమని, రోజూ నడవమని, మాత్ర మానవద్దని డాక్టరు చెబుతారు. రోగి తలూపుతాడు. కొన్ని నెలలు గడిచినా అలవాట్లు మారవు. మేలేదో తెలిసి కూడా మనిషి ఎందుకు చేయడు? తెలిసి ఎవరూ తప్పు దారి పట్టరని సోక్రటీసు వాదించాడు. తెలిసీ నిగ్రహం తప్పేవాళ్లున్నారని అరిస్టాటిల్ అన్నాడు. మన అనుభవం అరిస్టాటిల్ మాటనే బలపరుస్తుంది.

అంతమాత్రాన ఆ రోగిని బలహీనుడని నిందించవచ్చా? కొలెస్ట్రాల్ నొప్పి పెట్టదు. ధమనుల గోడల్లో ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా పేరుకుంటుంది. ఇవాళ్టి రుచి నాలుకకు తెలుస్తుంది, ఎప్పుడో రాబోయే గుండెపోటు ఊహకైనా అందదు. పైగా కొందరికి ఇది వంశపారంపర్యం. ఎంత పథ్యం చేసినా మందు తప్పదు. కాబట్టి నింద తొందరపాటే అవుతుంది.

మరి భయపెడితే? భయం కొన్నాళ్లే నిలుస్తుంది. అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్ తాగుడు మానలేని వారి విషయంలో 1983లో మరో దారి చూపాడు. స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో దాన్ని పుస్తకంగా తెచ్చాడు. అదే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. తర్వాత అది గుండె జబ్బుల చికిత్సలోకీ వచ్చింది. ఇందులో సలహాదారు ముందుగా అడుగుతాడు: "మారడం మీకెంత ముఖ్యం? సున్నా నుంచి పదిలో ఎంత?" రోగి నాలుగంటే, "సున్నా అనలేదే, ఎందుకని?" అంటాడు. "మా నాన్న యాభై దాటకుండానే పోయారు. నా పిల్లలకు ఆ కష్టం రాకూడదు" అని రోగే చెప్పవచ్చు. అప్పుడు కారణం అతని సొంతమవుతుంది.

ఇది తీయగా లొంగదీసుకోవడం కాదా? ఈ అనుమానం న్యాయమైనదే, ఎందుకంటే రోగి ఎటు రావాలో సలహాదారు మనసులో ముందే ఉంటుంది. దీనికి గీటురాయి ఒకటుంది: అన్నీ విన్నాక రోగి "వద్దు" అంటే, అతని పట్ల గౌరవం తగ్గకుండా ఉండాలి. తగ్గితే అది ఎత్తుగడ. తగ్గకపోతే వివేకానికి చేయూత.

మాటలకూ హద్దుంది. కొలెస్ట్రాల్ తగ్గించడంలో ఈ పద్ధతి ఫలితాలు అన్ని అధ్యయనాల్లో ఒకేలా లేవు. అవసరమైన మాత్రకు ఏ సంభాషణా బదులు కాదు. నడవడానికి తీరికే లేని బతుకును ప్రశ్నలు మార్చలేవు.

అయినా మంచి జీవితం మరొకరు రాసిచ్చే చీటీ కాదు. కనుక ఇంట్లోనైనా ఆసుపత్రిలోనైనా హితవు చెప్పే ముందు ఒక ప్రశ్న అడుగుదాం, జవాబు పూర్తిగా విందాం.