పరీక్షించుట అవిశ్వాసమా?



సెరిబ్రల్ పాల్సీ అను మస్తిష్క పక్షవాతము గల బిడ్డ ఇంటనున్నయెడల సలహాలకు కొదువ యుండదు. మన మణుగూరు ప్రాంతమందును ఒకరు ఆకుపసరు అందురు, ఒకరు నూనె మర్దన, ఒకరు తాయెత్తు, మరియొకరు సూదుల వైద్యము అందురు. ఫలానా ఊరిలో బిడ్డ నడిచెనని సాక్ష్యము చెప్పుదురు. దానిని ప్రశ్నించుట అవిశ్వాసమా?

ఈ వ్యాధి ఎవరి పాపఫలమును కాదు. గర్భమునందో, కాన్పునందో, పుట్టిన కొలదికాలమునకో మెదడునకు తగిలిన హాని వలన కలుగును. ఆ హానిని మాన్పు మందు నేటికిని లేదు. అయినను బిడ్డ పెరుగుచుండగా కొంత మేలు తనంతట తానే కనబడును. అట్లయిన మందు తరువాత కలిగిన మేలు మందు వలననే కలిగినదని ఎట్లు తెలియును?

కెనడా దేశపు వైద్యులు దీనిని శోధించి 2001లో ప్రకటించిరి. 111 మంది పిల్లలను చీట్లు వేసినట్లు రెండు గుంపులు చేసిరి. ఒక గుంపునకు మూసిన గదిలో అధిక ఒత్తిడితో ప్రాణవాయువును, రెండవ గుంపునకు స్వల్ప ఒత్తిడితో మామూలు గాలిని 40 మారులు ఇచ్చిరి. రెండు గుంపులును మెరుగుపడెను, సమానముగానే మెరుగుపడెను! రెండవ గుంపు లేనియెడల ఆ మేలంతయు ప్రాణవాయువు ఘనతయే అనుకొందుము గదా. సాక్ష్యము చెప్పినవారు అబద్ధికులు కారు. పోల్చి చూచుటకు వారికి రెండవ బిడ్డ లేడు, అంతే.

మృదువైన మర్దన బిడ్డకు హాయినిచ్చును; తల్లి చేయి మంచిదే. అయితే నయము చేసెదనని సొమ్ము అడుగువానిని చూచి జాగ్రత్తపడుడి. మార్కు సువార్త 5వ అధ్యాయములోని స్త్రీ అనేక వైద్యులకు తన ఆస్తియంతయు పోసి మరింత క్షీణించెను. పసరును నమ్మి మూర్ఛ మందు ఎన్నడును మానకుడి.

మేలని పరీక్షలో తేలినది సామాన్యమైనదే: బిడ్డకు కావలసిన పనినే, అనగా చెంచా పట్టుటయో, కూర్చుండుటయో, చొక్కా తొడుగుకొనుటయో, ఇంటియొద్ద ప్రతిదినము సాధన చేయించుట. ఫిజియోథెరపీ తెలిసినవారు దానిని నేర్పుదురు. ప్రభుత్వ భవిత కేంద్రములలో విచారించుడి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఈ వ్యాధియు చేరియున్నది గనుక ధ్రువపత్రము పొందుడి.

సమస్తమును పరీక్షించి మేలైనదానిని పట్టుకొనుమని పౌలు థెస్సలొనీకయులకు బోధించెను. కాబట్టి పరీక్షించుట అవిశ్వాసము కాదు. కాని తల్లికి సత్యము చెప్పి ఊరకుండుట ప్రేమయు కాదు. ఆమె కూలికి పోవు దినమున బిడ్డను చూచువారు మనలో ఎవరు? మెఫీబోషెతు కాళ్లు ఎన్నడును బాగుపడలేదు; అయినను రాజు బల్లయొద్ద అతని చోటు అతనికి ఉండెను.