తటస్థుని ఆయుధం: చాద్‌లో ఐర్లండ్ సైన్యం - ఒక నైతిక విచారణ

'తటస్థుడు' అంటే ఒడ్డున నిలిచినవాడు. ఏటిలో మనుషులు కొట్టుకుపోతున్నప్పుడు ఒడ్డున నిలిచి చూడటం ధర్మమేనా అన్న ప్రశ్న ఆ పదంలోనే ఉంది. భగవద్గీత ఆరవ అధ్యాయం ఉదాసీనుణ్ణీ మధ్యస్థుణ్ణీ వేరువేరుగా లెక్కిస్తుంది. ఏ పక్షాన్నీ ఆశ్రయించనివాడు ఉదాసీనుడనీ, విరోధించుకొనే ఇరువురి హితమూ కోరేవాడు మధ్యస్థుడనీ శంకరుల వివరణ. నేటి రాజనీతి పరిభాషలో ఈ రెండింటినీ 'తటస్థత' అన్న ఒక్క మాటలో కలిపేశాం. ఆ కలయికలో మరుగుపడిన భేదాన్ని ఐర్లండ్ అనుభవం వెలికి తీస్తుంది.

ఐర్లండ్ నాటో సభ్యదేశం కాదు. పన్నెండుమందికి మించి సైనికులను అంతర్జాతీయ దళాలకు పంపాలంటే ఐక్యరాజ్యసమితి అనుమతి, ప్రభుత్వ నిర్ణయం, దిగువసభ ఆమోదం మూడూ ఉండాలన్నది 2008 నాటి నియమం. దార్ఫుర్ నుంచి తూర్పు చాద్‌కు తరలివచ్చిన రెండు లక్షలకు పైగా శరణార్థులకూ, వారికి సహాయం అందించేవారికీ రక్షణగా ఐరోపా సమాఖ్య దళాన్ని 2007లో భద్రతామండలి 1778వ తీర్మానం అనుమతించింది. దాని సర్వాధిపత్యం ఐరిష్ సేనాని పాట్ నాష్‌కు దక్కింది. ఐర్లండ్ సుమారు 400 మందిని పంపింది.

చిక్కు ఇక్కడే ఉంది. దళంలో అన్నింటికన్నా పెద్ద వాటా ఫ్రాన్సుది. నాష్ కార్యస్థానం కూడా పారిస్ శివార్లలోని ఫ్రెంచి కోటే. ఆ ఫ్రాన్సు 1986 నుంచి చాద్‌లో సొంత సైన్యాన్ని నిలిపి ఉంచింది, అధ్యక్షుడు ఇద్రిస్ దెబీకి అండగా నిలిచింది. కాబట్టి ఐర్లండ్ ఇచ్చినది సైనికులను మాత్రమే కాదు, తన పేరును కూడా. వలసపాలకుల చరిత్ర లేని దేశపు సేనాని ముందు నిలిచినప్పుడు వెనుక ఉన్నవారి చరిత్ర కొంత కనుమరుగవుతుంది. మంచిపేరును ఇలా అరువివ్వవచ్చునా?

2008 జూన్‌లో తిరుగుబాటుదారులు గోజ్ బెయిదాపై దాడిచేసినప్పుడు ఐరిష్ సైనికులు సహాయసిబ్బందికి తమ స్థావరంలో ఆశ్రయమిచ్చారు. తమపై కాల్పులు జరగగా తామూ కాల్చారు. ఆ తరువాత, దళం తిరుగుబాటుదారులతో కుమ్మక్కైందని దెబీయే నిందించాడు. ఇరువైపులా నిష్ఠూరపడితే నిష్పాక్షికత రుజువైనట్టేనని కొందరంటారు. ఆ వాదన నాకు చాలదనిపిస్తుంది. నిందించినవారు బలవంతులు, తటస్థతను తూచవలసిన త్రాసు వారి చేతిలో లేదు.

నిరాయుధుడైన సహాయకునికి ఇరుపక్షాల నమ్మకమే రక్ష. అతని పక్కన సాయుధుడు నిలిచిన క్షణం నుంచి ఆ నమ్మకం సన్నగిల్లుతుంది. సైన్యానికీ తమకూ మధ్య గీత చెరగకూడదని సహాయసంస్థలు పట్టుబట్టినది అందుకే. మధ్యస్థుడు ఆయుధం పడితే దాని మూల్యంలో కొంత మరొకరు చెల్లించవలసి వస్తుంది. అయినా ఐర్లండ్ వెళ్ళడం తప్పని నేననను. ఆ జూన్ నాడు తలుపు తెరిచిన స్థావరం లేకపోయి ఉంటే ఆ సిబ్బందికి పోదగిన చోటేది? నా ఆక్షేపణ, తన తటస్థతకు భంగం కలిగిందా అని ఐర్లండ్ తన్ను తాను ప్రశ్నించుకున్న తీరుమీద. సహాయకుని తటస్థత ఏమైందన్నది అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న.

2009 మార్చి 15న బాధ్యత ఐక్యరాజ్యసమితి దళానికి బదిలీ అయింది. ఐరిష్ సైనికులు నీలిటోపీలు ధరించి గోజ్ బెయిదాలోనే కొనసాగారు.