వాళ్ళకి అలవాటే

తుపాను వెళ్ళిపోయాక కరెంటు ముందు ఎవరికి రావాలి, చివర ఎవరికి రావాలి? ఇది స్తంభాలూ తీగలూ తెలిసినవాళ్ళు తేల్చే లెక్క అనుకుంటాం. సగం వరకు అది నిజమే. మిగతా సగం న్యాయానికి సంబంధించిన ప్రశ్న. ఆ సగాన్ని మన ప్రాంతంలో చాలాకాలంగా ఒక్క మాటే తేల్చేస్తోంది: "కొండమీదోళ్ళకేటి, అలవాటే కదా." ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అక్టోబరు అంటే దసరా ఎంత గుర్తొస్తుందో తుపానూ అంతే గుర్తొస్తుంది. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి ఇచ్ఛాపురం, కవిటి వైపు కూడా కొట్టింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడి విజయనగరం, శ్రీకాకుళం దాకా ఊపేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర గంటకు 140, 150 కిలోమీటర్ల గాలితో ఒడ్డెక్కింది. తిత్లీ అంటే హిందీలో సీతాకోకచిలుక. ఆ సీతాకోకచిలుక ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకి పరిచేసింది. కరెంటు స్తంభాలు వేలల్లో కూలాయి. సరిహద్దు అవతల గజపతి జిల్లాలో, వానకి భయపడి గుహలో తలదాచుకున్న కొండజనం మీద చరియ విరిగిపడి పదిమందికి పైగా పోయారు. తుపాను అంటే సముద్రం ఒడ్డువాళ్ళ కష్టమేనన్న మాట ఆ రోజుతో చెల్లిపోవాల్సింది.

మనకి తుపాను వెనకే చలి వస్తుంది. అక్టోబరు వానకి వంటచెరకు తడుస్తుంది, ఇంటి కప్పు తడుస్తుంది, దుప్పట్లు తడుస్తాయి. అవి ఆరకముందే కార్తీకం మంచు దిగుతుంది. పుష్యం వచ్చేసరికి సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, మందస కొండల్లో పొద్దు బాగా ఎక్కేదాకా మంట పక్కనుంచి ముసలివాళ్ళు లేవలేరు. బయటివాళ్ళు ఆ చలిని చూడటానికి కార్లు కట్టుకుని లంబసింగి వెళతారు. చూసి సాయంత్రానికి ఇంటికి పోయేవాళ్ళకి చలి ఒక వేడుక. అక్కడే ఉండేవాళ్ళకి ఆ ఏడు శీతాకాలం ఎలా గడుస్తుందన్నది అక్టోబరులో పడిన స్తంభం ఎప్పుడు లేస్తుందన్న దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు తీగ సంగతి. కరెంటు కాలవ నీళ్ళ లాంటిది, మొదలు నుంచి చివరికి రావాలి. 33 కేవీ లైను నిలబడందే సబ్‌స్టేషన్‌కి ప్రాణం రాదు. సబ్‌స్టేషన్ లేచాకే 11 కేవీ ఫీడర్లు, తర్వాత ట్రాన్స్‌ఫార్మరు, ఆఖర్న ఇంటి తీగ. కొండ ఊరు దాదాపు ఎప్పుడూ ఫీడరు తోక దగ్గరే ఉంటుంది. తల లేవకుండా తోక లేవదు. దీన్ని అన్యాయం అనడం తగదు. తుపాను తర్వాత లైన్‌మేన్లు వేరే జిల్లాల నుంచి కూడా వచ్చి, పురుగూ పుట్రా చూసుకోకుండా బురదలో స్తంభాలు మోసిన సంగతీ మరచిపోకూడదు.

కానీ ఒక ఫీడరు రెండు కొమ్మలుగా చీలే చోటు ఒకటి వస్తుంది. రెండు వైపులా స్తంభాలు పడి ఉన్నాయి, పనివాళ్ళ జట్టు ఒక్కటే ఉంది. ముందు ఎటు వెళ్ళాలో అక్కడ తీగ చెప్పదు, మనిషే చెప్పాలి. ఆ మనిషి దగ్గర రెండు లెక్కలుంటాయి. ఒకటి పైకి చెప్పేది: ఎక్కువ కనెక్షన్లు ఎటుంటే అటు ముందు. రెండోది పైకి చెప్పనిది: ఎవరు ఊరుకుంటారో వాళ్ళకి చివర. ఈ రెండో లెక్కకి పెట్టుకున్న మర్యాద పేరే అలవాటు.

తిత్లీ తర్వాత రోజుల్లో ఈ మాట నేను రెండు నోళ్ళలో విన్నాను. మందస కొండ కింద ఒక గూడెంలో, కూలిన జీడిచెట్టు కొమ్మలు నరుకుతున్న సవర తాత, స్తంభాలు లెక్కపెట్టడానికి వచ్చిన కుర్ర లైన్‌మేన్‌తో అన్నాడు: "మాకేటి బాబూ, పొయ్యుంది, కర్రుంది, ఊట నీళ్ళున్నాయి. కింద ఊళ్ళో మోటార్లాడక నీళ్ళకి ఏడస్తన్నారట. ముందాళ్ళకియ్యి." ఆ వారంలోనే కింద ఊళ్ళో ఒక చిన్న ఉద్యోగి టీ తాగుతూ అన్నాడు: "కొండమీదోళ్ళకి తొందరేటీ నేదండి. ఆళ్ళకి అలవాటే."

రెండు మాటల్లో ఉన్న విషయం ఒకటే. కొండమీదివాళ్ళు కొన్నాళ్ళు ఓర్చుకోగలరు. కానీ తాత తన ఓర్పుని తాను ఇచ్చాడు. అది ఆయనది, ఇవ్వడానికీ మానడానికీ ఆయనకే హక్కు. ఉద్యోగి ఇచ్చింది ఆయనది కాదు. మన ఓర్పుని మనల్ని అడక్కుండా తీసి ఇంకొకరికి పంచిపెట్టాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు. ఒకరి మంచితనం ఒకసారి చూసి, దాన్ని మర్నాటి నుంచి వాళ్ళ బాకీ కింద రాసుకోవడం మంచితనాన్ని దోచుకోవడమే.

తెలుగులో ఉపవాసం అనే మాట వేరు, పస్తు అనే మాట వేరు. రెండింటిలోనూ కడుపు ఖాళీయే. ఉపవాసం ఉన్నవాడి ఇంట్లో బియ్యం ఉంటాయి, పస్తున్నవాడి ఇంట్లో ఉండవు. హుద్‌హుద్ తర్వాత విశాఖ నగరం రోజుల తరబడి చీకట్లో ఉన్నప్పుడు, చాలాకాలానికి చుక్కలు చూశామనీ, పక్కింటివాళ్ళతో మాట్లాడామనీ కొందరు ఇష్టంగా చెప్పుకున్నారు. అందులో అబద్ధం లేదు. అయితే అది ఉపవాసం లాంటి చీకటి. మళ్ళీ దీపం వస్తుందని వాళ్ళకి తెలుసు, వాళ్ళ చీకటి రోజూ టీవీలో వార్త అయింది. గూడెంలో చీకటి ఎవరికీ వార్త కాదు. పస్తుని చూపించి "వాళ్ళకి ఉపవాసం అలవాటు" అంటే వినేవాళ్ళకి సిగ్గనిపించాలి.

అలవాటు అనే మాటకి ఇంకో తప్పు కూడా ఉంది. అది పాతబడిపోయింది. మా తాతల కాలంలో తీగ లేదు కాబట్టి తీగ తెగితే పోయేదేమీ లేదు. ఇప్పుడలా కాదు. రేషన్ బియ్యం వేలిముద్ర మిషన్ మీద వస్తాయి. మిషన్‌కి సిగ్నల్ కావాలి, సిగ్నల్‌కి టవరు కావాలి, టవరుకి కరెంటు కావాలి. బ్యాటరీలు కొన్ని గంటలే ఆగుతాయి. టవరు ఆగితే 108కి ఫోను పోదు. అప్పుడు నొప్పులొచ్చిన ఆడకూతురికి డోలీయే దిక్కు. ఆ డోలీ ఎటు తీసుకెళ్ళాలో, అక్కడ డాక్టరమ్మ ఉందో లేదో అడగడానికి కూడా దారి లేదు. ఆసుపత్రిలో పిల్లల టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఆశ్రమ పాఠశాలలో మోటారు ఆడకపోతే పిల్లలు చలిలో వాగుకి పోవాలి. కురుపాం, కొమరాడ వైపు చీకట్లో ఏనుగులు, మందస వైపు ఎలుగుబంట్లు. దీపం బుడ్డీ వెలిగిద్దామంటే రేషన్ కిరసనాయిలూ రావడం లేదు. చీకటి పాతదే గాని ఆ చీకట్లో మనం పోగొట్టుకునేవి కొత్తవి. బియ్యాన్నీ మందునీ తీగకి కట్టినవాళ్ళే, తీగ తెగిన రోజున మీకు అలవాటే కదా అనడం కుదరదు.

ఆ అలవాటు ఎలా అయిందో కూడా అడగాలి. ఆంధ్ర, ఒడిశా రెండూ పంచుకునే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. ఆ నీళ్ళూ, ఆ కొండలూ, ఆ జలాశయం కోసం లేచిపోయిన ఊళ్ళూ చాలావరకు కొండజాతులవే. కరెంటు కొండ దిగి పట్నాలకి చేరింది. తిరిగి కొండెక్కడానికి తరాలు పట్టింది. ఎక్కాక కూడా లెక్క చూడండి: ఒక ఊళ్ళో బడి, పంచాయతీ లాంటి చోట్లతో పాటు నూటికి పది ఇళ్ళకి కనెక్షన్ ఉంటే ఆ ఊరంతా కరెంటున్న ఊరి కిందే జమ. 2018 ఏప్రిల్ 28 నాటికి దేశంలో చివరి ఊరికీ కరెంటు చేరిందని ప్రకటించింది ఆ లెక్క ప్రకారమే. ఆరు నెలలు తిరక్కుండా తిత్లీ వచ్చింది. తీగ రావడంలో చివర నిలబెట్టి, ఆ ఆలస్యాన్నే అలవాటని పిలిచి, మళ్ళీ చివర నిలబెడుతున్నారు.

దీనికి ఒక జవాబు వస్తుంది. "ఒక వైపు మూడు వేల ఇళ్ళు, ఒక వైపు ముప్పై ఇళ్ళు. ముప్పై కోసం మూడు వేలని ఆపమంటారా?" ఇది తోసిపుచ్చే ప్రశ్న కాదు. మూడు వేల ఇళ్ళలోనూ పసిపిల్లలున్నారు, జబ్బువాళ్ళున్నారు. అయితే మన ఇళ్ళ ముందు నెగడు చూడండి. చలికాలంలో నెగడు ఎవరి గుమ్మం ముందు వేసినా అది ఆ ఇంటిది కాదు. కర్ర తెచ్చినవాడూ కూర్చుంటాడు, తేనివాడూ కూర్చుంటాడు. పొగ రాని వైపు మాత్రం ముసలివాళ్ళకీ పసిబిడ్డ తల్లికీ వదులుతారు. ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారని అక్కడ ఎవరూ లెక్కపెట్టరు. చలి ఎవరిని ఎక్కువ కొరుకుతుందో చూస్తారు. ఫీడరు చీలే చోట కూడా ఇదే చూడమంటున్నాం. ఎన్ని ఇళ్ళున్నాయన్నదానితో పాటు, ఆలస్యమైతే ఎవరికి ఏం పోతుందో అడగమంటున్నాం. కొన్నిసార్లు దానికి జవాబు మూడు వేల ఇళ్ళ వైపే వస్తుంది. అప్పుడు మనమే ఆగుతాం. కొన్నిసార్లు ముప్పై ఇళ్ళ వైపు వస్తుంది. అది ఒక్కసారీ రాకపోతే మాత్రం, ఆ ప్రశ్న ఎవరూ అడగలేదని అర్థం.

మన లోపలి నుంచి వచ్చే మాట ఇంకొకటి ఉంది. తీగ వచ్చాకే నెగడు పోయిందనీ, ఎవరింట్లో వాళ్ళు టీవీ ముందు కూర్చుంటున్నారనీ, ఇంత యాతన ఆ తీగ కోసమా అనీ పెద్దవాళ్ళు అంటారు. ఆ బాధ నిజమైనదే. తడికర్రతో మంట రాజేయడం, బూడిద కింద నిప్పు తెల్లారేదాకా దాచడం, చోడంబలి కుండతో నలుగురి కడుపు నింపడం, ఇవన్నీ చదువే. తుపాను రోజున ఆ చదువు ఉన్నవాడే బతికించగలడు. మన పిల్లలకి అది రావాలి. కానీ ఆ పొయ్యి పొగ మన తల్లుల కళ్ళల్లోకీ గుండెల్లోకీ ఎంత పోయిందో కూడా మరవకూడదు. స్విచ్చి ఉండి, దాన్ని ఆపి, నెగడు దగ్గరికి వచ్చి కూర్చున్న రోజునే అది మన సంస్కృతి అవుతుంది. వేరే దారి లేక కూర్చున్నంతకాలం అది మన లేమి కూడా. పదో తరగతి పరీక్షకి చదివే పిల్ల పొయ్యి వెలుగులో పుస్తకం పట్టుకుంటే ఫొటోకి బాగుంటుంది. ఆ పిల్ల కళ్ళని అడిగితే తెలుస్తుంది.

మరి చేయాల్సింది ఏమిటి? తుపాను వచ్చాక వరస తేల్చుకోవడం కష్టం, రాకముందే రాసుకోవాలి. ప్రతి మండలంలో ఫీడరు చివరన ఉన్న గూడేల పేర్లు, అక్కడ నెలలు నిండిన ఆడవాళ్ళు, ఆసుపత్రి, హాస్టలు, ఒంటరి ముసలివాళ్ళు ఉన్నారో లేదో భాద్రపదం దాటకముందే కాగితం మీద ఉండాలి. ఆసుపత్రికీ టవరుకీ సోలారు పలకలుండాలి. తీగ తెగిన రోజుల్లో వేలిముద్ర లేకుండా బియ్యం ఇవ్వాలి. చెట్టు నరకడం, స్తంభం మోయడం మన కుర్రాళ్ళకి కొత్త కాదు. వాళ్ళకి పని నేర్పి, కూలి ఇచ్చి, జట్టులో కలుపుకోవాలి. వరస గ్రామసభలో చదివి వినిపించాలి. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతంలో గ్రామసభకి గొంతు ఇచ్చింది. శ్రీకాకుళం జిల్లాలో మన ఊళ్ళు చాలా ఆ గీత బయటే ఉండిపోయాయి కాబట్టి అక్కడ పంచాయతీలోనే గట్టిగా అడగాలి. అడగందే అమ్మైనా పెట్టదు.

పుష్యంలో కందికొత్తల పండగకి అందరూ ఒకచోట చేరతారు. ఆ రాత్రి నెగడు చుట్టూ కూర్చున్నప్పుడే ఆ కాగితం మొదలుపెట్టవచ్చు. ముందు పేరు ఎవరిది రాయాలో తేల్చడానికి మనకి ఎక్కువసేపు పట్టదు. పొగ రాని వైపు ఎవరికి వదలాలో మనకి తెలుసు.