అనుమానం ఆగే చోటు

ఓసీడీ ఉన్నవాడికి తెలియక కాదు బాధ. గ్యాస్ కట్టేశానని నాకు తెలుసు. నాబ్ తిప్పినప్పటి బిగువు వేళ్లకి ఇంకా గుర్తే. అయినా మెట్లు దిగేలోపు ప్రశ్న మొదలవుతుంది. నిజంగా కట్టావా, కట్టాననుకున్నావా? పై వాటాలో చంటిపిల్లలున్నారు, ఏమన్నా అయితే? వెనక్కి వెళ్లి చూస్తాను. కట్టే ఉంటుంది. ఒక్క నిమిషం ప్రాణం హాయిగా ఉంటుంది. మళ్లీ మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఇంకో ప్రశ్న: చూడబోయి చెయ్యి తగిలించావేమో, అప్పుడు తిరిగిపోయిందేమో.

అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అనే ఈ జబ్బుతో పెరిగి పెద్దవాణ్ణయ్యాను. అందుకే గంజాయితో ఇది తగ్గుతుందన్న మాట చెవిన పడినప్పుడు కొట్టిపారేయలేకపోయాను. అలాగని ఎగబడి నమ్మనూ లేదు. ఆ మాట చాలాకాలం మనసులో నానింది. దాని గురించి నాకు తోచింది రాస్తున్నాను.

మాది కోల్‌కతాలో వాట్‌గంజ్. ఖిదిర్‌పూర్ రేవు పక్కన, హుగ్లీ ఒడ్డున ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడ ఓడల పనికి పూనుకున్న కల్నల్ హెన్రీ వాట్సన్ పేరే ఈ పేటకు మిగిలింది. మా నాన్న సోంపేట నుంచి వచ్చి గార్డెన్ రీచ్ రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేరి, ఇక్కడే ఉండిపోయారు. నదిలోంచి తోడిన నీళ్లను శుద్ధి చేయకుండానే వీధి కుళాయిలకు పంపే పంపింగ్ స్టేషన్ ఒకటి మా పేటలో ఉంది. ఆ నీళ్లు మట్టి రంగులో రోడ్డు పక్కన ధార కడుతుంటాయి. లారీ క్లీనర్లు వాటితోనే ఒళ్లు రుద్దుకుంటారు. అమ్మకి అవి గంగ. తెల్లారకముందే దోసిట పట్టి నెత్తిన జల్లుకునేది. నాకేమో అందులో ఒక చుక్క మీద పడితే మోచేతుల దాకా సబ్బు రుద్ది కడిగితే తప్ప ఊపిరి ఆడేది కాదు. వేళ్ల సందులు పగిలి నెత్తురు కనిపించేది. అమ్మ కొబ్బరినూనె రాస్తూ, “ఏం చాదస్తంరా నాన్నా ఇది, వదిలేయరాదూ” అనేది.

అమ్మ ప్రేమగానే అంది. అయితే చాదస్తమనీ మడి అనీ అనుకుంటూ మన ఇళ్లలో ఈ జబ్బును ఎన్ని తరాలు మోశారో. బెంగాల్లోనూ అంతే. ఇక్కడ శుచిబాయి అని, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లను అంటుంటారు. ఈ ఊరి మానసిక వైద్యురాలు అజితా చక్రవర్తి 1975లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో, ఆచారం ఎక్కడ ఆగి జబ్బు ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవాలని ప్రయత్నించారు. తెలుగు ఇళ్లకు ఓసీడీ అన్న పేరు చేరింది మాత్రం 2017లో వచ్చిన ‘మహానుభావుడు’ సినిమాతో. అందులో అది నవ్వించే సంగతి. జబ్బు పేరు అందరికీ తెలిసింది, బాధ తెలియలేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో వెయ్యిమంది పెద్దవాళ్లలో దాదాపు ఎనిమిదిమందికి ఈ జబ్బుంది. వాళ్లెవరికీ ఇది నవ్వులాట కాదు.

గంజాయి మాట తెచ్చింది మా చిన్నాన్న కొడుకు. వాడికీ ఇదే జబ్బు. ఇది కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా వస్తుంది. వాడుండేది టొరంటోలో. కెనడాలో 2001 నుంచి వైద్యానికి, 2018 అక్టోబరు నుంచి పెద్దవాళ్లందరికీ గంజాయి చట్టబద్ధం. ఒక రాత్రి ఫోన్‌లో చెప్పాడు. “అన్నయ్యా, రెండు దమ్ములు లాగితే చాలు, తలలో గోల ఆగిపోద్ది. ఆలోచన వస్తాది గానీ నన్ను పట్టుకోదు.” ఎంతసేపురా అన్నాను. “రెండు మూడు గంటలు.” ఆ తర్వాత? “ఆ తర్వాత మామూలేలే.”

వాడు అబద్ధం చెప్పడం లేదు. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2021లో ప్రచురించిన పరిశీలనలో వాడిలాంటివాళ్లు 87 మంది ఉన్నారు. గంజాయి తీసుకునే ముందూ తర్వాతా తమ బాధ ఎంతుందో ఫోన్‌లోని యాప్‌లో నమోదు చేసుకున్నారు. పదేపదే చేసే పనుల ఒత్తిడి 60 శాతం, చొరబడే ఆలోచనలు 49 శాతం, ఆందోళన 52 శాతం తగ్గాయని రాసుకున్నారు. అయితే నెలలు గడిచినా, గంజాయి తీసుకోబోయే ముందుండే బాధ మాత్రం ఎప్పటిలాగే ఉంది. పైగా అదంతా ఎవరి చేత్తో వాళ్లు రాసుకున్న లెక్క, పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లు లేరు. అంతకు ముందు ఏడాది, 2020లో న్యూయార్క్‌లో 14 మంది మీద ఆ పోలిక చేసి చూశారు. మత్తునిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థం ఎక్కువున్న గంజాయి, మత్తివ్వని సీబీడీ ఎక్కువున్నది, రెండూ లేనిది, మూడూ వేర్వేరు రోజుల్లో ఇచ్చారు. ఓసీడీ లక్షణాల విషయంలో మూడింటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆందోళనైతే టీహెచ్‌సీ కంటే ఏమీ లేనిదానితోనే బాగా తగ్గింది. చిన్న పరీక్షే, దానితో ఏదీ తేలిపోదు. కానీ నా మనసు దాన్నే ఎక్కువ నమ్ముతుంది. ఎందుకో చెబుతాను.

మా దగ్గర భూకైలాస్ శివాలయాలున్నాయి, 1781 నాటివి. శివరాత్రికి గంజాయి ఆకుతో చేసే భంగు కలిపిన సర్బత్ తాగేవాళ్లుంటారు. ఇక్కడ దాన్ని సిద్ధి అంటారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి పూతనూ చరస్‌నూ నిషేధించింది గానీ, ఒట్టి ఆకును ఆ నిర్వచనంలో చేర్చలేదు. ఒక శివరాత్రి నేనూ తాగాను. ఇంటికొచ్చి గడియ పెట్టి పడుకున్నాను. గడియ పెట్టిన సంగతి గుర్తుంది. ఆ గుర్తు ఇప్పటిదో నిన్న రాత్రిదో మాత్రం తేల్చుకోలేకపోయాను. గుండె దడదడలాడుతుంటే, తెల్లవార్లూ ఆ ఇనప గడియ మీద చెయ్యి వేసుకుని తలుపు దగ్గరే కూర్చున్నాను. ఈ జబ్బులో మనిషి సందేహించేది తన జ్ఞాపకాన్నే. ఆ కాస్త జ్ఞాపకాన్నీ సడలించే వస్తువు అందరికీ ఊరట ఎలా ఇస్తుంది? మా తమ్ముడికి ఇచ్చిందంటే ఒప్పుకుంటాను. నాకు ఇవ్వలేదు.

గంజాయి వైద్యం గురించి ఈ ఊళ్లో మాట్లాడేవాళ్లు ఒక పేరు తలచుకుని తీరాలి. విలియం బ్రూక్ ఓషానెసీ అనే ఐరిష్ వైద్యుడు, కలకత్తా మెడికల్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవాడు. గంజాయిని మొదట పండితుల దగ్గర, హకీముల దగ్గర, సొంత కాలేజీలోని మధుసూదన్ గుప్తా దగ్గర అడిగి తెలుసుకున్నాడు. తర్వాత జంతువుల మీద చూశాడు, ఆ తర్వాతే రోగులకిచ్చాడు. 1839లో ఆయన చదివిన పత్రంతోనే పాశ్చాత్య వైద్యం ఈ మొక్కను పట్టించుకోవడం మొదలుపెట్టింది. కీళ్లవాతం, కలరా, ధనుర్వాతం, పసిబిడ్డ మూర్ఛలు, అన్నీ అందులో ఉన్నాయి. పిచ్చికుక్క కరిచిన మనిషి సంగతీ ఉంది. ఆ మనిషి దక్కలేదు. కానీ నీళ్లు చూస్తేనే వణికిపోయే ఆ చివరి రోజుల్లో నారింజ రసం గొంతు దిగింది, అన్నం తిన్నాడు, బాధ కాస్త నెమ్మదించింది. ఓషానెసీ దాన్ని ఉన్నదున్నట్టు రాశాడు. జబ్బు నయమైందనలేదు, బాధ తగ్గిందన్నాడు. ఎక్కువ వాడితే మతి చెడిన తీరునూ అదే పత్రంలో పెట్టాడు. నూటెనభై ఏళ్లు దాటినా గంజాయిని పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ ఆ నిజాయితీని అందుకోలేకపోతున్నారని నా బాధ.

తిట్టేవాళ్ల కథకూ ఈ ఊరే సాక్షి. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి దల్లందా పిచ్చాసుపత్రి లాంటి చోట్ల రిజిస్టర్లలో రోగికి పిచ్చి ఎందుకొచ్చిందన్న గడిలో గంజాయి అని రాసేవారు. చాలాసార్లు అది రోగిని పట్టుకొచ్చిన పోలీసులు చెప్పిన కారణమే. 1893లో బ్రిటిష్ పార్లమెంటులో లేచిన ప్రశ్నతో గంజాయి కమిషన్ వేశారు. అది మొదట కూర్చున్నది కలకత్తాలోనే. 1,193 మంది సాక్షులను విచారించింది. ఆసుపత్రుల్లో రాసిన కేసులను ఒక్కొక్కటీ తిరగేసి, ఆ లెక్కల్లో చాలావాటికి ఆధారం లేదని తేల్చింది. మితంగా వాడితే పెద్ద హాని లేదనీ, అతి వాడకం హానికరమనీ చెప్పింది. ఇప్పుడు దొరికే గంజాయిలో టీహెచ్‌సీ చాలా ఎక్కువ. చిన్న వయసులో రోజూ వాడితే మతిభ్రమణం వచ్చే ముప్పు పెరుగుతుందని ఈనాటి పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. కాబట్టి ఆ పాత తీర్పును ఇవాళ అలాగే వల్లించడం సరికాదు. నాకు నచ్చింది వాళ్లు పరీక్షించిన పద్ధతి.

ఇక ఇవాళ్టి నిషేధం సంగతి. నాన్న వైపు బంధువులు అనకాపల్లిలో ఉన్నారు. 2022 ఫిబ్రవరిలో ఆ చుట్టుపక్కల పోలీసులు దాదాపు రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పలు పోసి తగలబెట్టారు. పాడేరు కొండల నుంచి మూటలు మోసేది కూలి కోసం వచ్చిన కుర్రాళ్లు. 20 కిలోలకు మించి దొరికితే పదేళ్లకు తక్కువ కాని జైలు. టొరంటోలో మా తమ్ముడు అదే జాతి మొక్కను రసీదు రాయించుకుని కొంటాడు. ఈ తేడా తలచుకున్నప్పుడల్లా కడుపులో దేవినట్టుంటుంది. అయితే ఆ అన్యాయం వేరు, ఈ మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరు. ఒకదాని మీది కోపంతో రెండోదానికి జవాబు చెప్పకూడదు.

మరి ఈ జబ్బును ఏది ఆపుతుంది? నాకు దారి చూపించిన మాట వైద్య గ్రంథంలోది కాదు. పదో శతాబ్దపు నైయాయికుడు, అంటే తర్కశాస్త్ర పండితుడు, ఉదయనాచార్యుడిది. దేన్నైనా అనుమానించవచ్చు కదా అన్న చార్వాకుడికి న్యాయకుసుమాంజలిలో ఆయన ఒక హద్దు గీశాడు. నీ అనుమానం నువ్వు చేసే పనికి అడ్డం తిరిగేదాకానే చెల్లుతుంది, అక్కడ ఆగాలి. తర్వాతి కాలపు నైయాయికుడు గంగేశుడు దాన్నే విడమరిచాడు. పొగ కావాలంటే నిప్పు రాజేస్తావు, ఆకలేస్తే అన్నం తింటావు, అంటే ఆ కార్యకారణ సంబంధాన్ని నీ చేతలు ఒప్పుకున్నట్టే. ఇదే గంగ ఒడ్డున, పైనున్న నవద్వీపంలో ఈ వాదాన్ని తరాల తరబడి చదువుకున్నారు. సందేహం ఇంకో రుజువుతో తీరదు. ఒక పనిచేసి, అక్కడితో వదిలేసినప్పుడే తీరుతుంది.

ఈ మాటకు ప్రయోగశాలలో తోడు దొరికింది. 2003లో నెదర్లాండ్స్ పరిశోధకులు మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కిండ్ట్ కంప్యూటర్ తెర మీద గ్యాస్ పొయ్యి బొమ్మ పెట్టి, మామూలు మనుషులను దాన్ని పదేపదే సరిచూడమన్నారు. ఎన్నిసార్లు చూస్తే అంతగా తమ జ్ఞాపకం మీద వాళ్లకే నమ్మకం సడలింది. సరిచూడటం అప్పు మీద కట్టే వడ్డీ లాంటిది, ఎంత కట్టినా అసలు తరగదు. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ మొదలుపెట్టిన చికిత్స దీన్నే తిరగేసింది. భయపెట్టే పని చేయించాలి, ఆ తర్వాత కడగనివ్వకూడదు, వెనక్కి వెళ్లి చూడనివ్వకూడదు. ఇప్పుడు దాన్ని ఈఆర్‌పీ అంటున్నారు, ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. నేను ఒక్కసారి నాబ్ కట్టి, వెనక్కి చూడకుండా ఖిదిర్‌పూర్ కూడలి దాకా నడవాలి. మొదట్లో కాళ్లు కూడదీసుకోవడమే కష్టమయ్యేది. అరచేతుల్లో చెమట జేబు గుడ్డలోకి దిగేది. భయం పెరిగి, పెరిగి, ఏమీ చేయకుండానే దానంతటదే దిగడం మొదలుపెట్టేది. నన్ను బాగుచేసింది అలా దిగడమే. మెదడు ఆ పాఠాన్ని భయం సమక్షంలోనే నేర్చుకోగలదు.

దమ్ము కొట్టి భయాన్ని దింపితే ఆ పాఠం జరగదు. దిగింది పొగ వల్లేనని మెదడు రాసుకుంటుంది. కడుక్కోవడం, సరిచూడటం పక్కన దమ్ము కూడా ఒక తంతుగా చేరుతుంది. మా తమ్ముడి మూడు గంటల హాయి మీద నా అనుమానం ఇదే. వాడికీ చెప్పాను. వాడు ఒప్పుకోలేదు, నేను వాణ్ణి తప్పుపట్టలేదు. అంత గోలలో బతికినవాడికి మూడు గంటల నిశ్శబ్దం ఎంత విలువైందో నాకు తెలుసు.

తలుపు పూర్తిగా మూయాలని మాత్రం నేననను. గంజాయి అణువులు వెళ్లి అతుక్కునే గ్రాహకాలు మన మెదడులోనే ఉన్నాయి. అవి లేని ఎలుకలు పాత భయాన్ని మరవలేకపోయాయని 2002లో నేచర్ పత్రికలో వచ్చింది. 2020లో 11 మంది ఓసీడీ రోగుల మీద జరిగిన చిన్న ప్రయోగంలో, టీహెచ్‌సీని పోలిన నాబిలోన్ అనే మాత్ర ఒక్కటే ఇస్తే పెద్దగా మార్పు లేదు. ఈఆర్‌పీతో కలిపి ఇచ్చినవాళ్లలో లక్షణాలు బాగా తగ్గాయి. పదకొండు మందితో సత్యం స్థిరపడదు, దారి ఒకటి కనిపిస్తుంది, అంతే. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. మన చట్టం వైద్య, శాస్త్రీయ అవసరాలకు వెసులుబాటు ఇస్తూనే ఉంది. 1839లో ఈ ఊరు చేసిన పనిని పెద్ద ఎత్తున, రోగుల క్షేమం చూసుకుంటూ, ఇప్పుడు మన వైద్యులు చేయాలి. అప్పటిదాకా ఓసీడీకి గంజాయి మందని అమ్మేవాళ్ల మాట చెల్లదు.

ఇంట్లో ఇలాంటివాళ్లుంటే “కట్టే ఉందిలే” అని పదేపదే ధైర్యం చెప్పకండి, ఆ మాటా సరిచూసుకోవడమే అవుతుంది. మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి, ఈఆర్‌పీ అని పేరు పెట్టి అడగండి. ఓసీడీకిచ్చే మాత్రలు పనిచేయడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది, మధ్యలో మానకండి. భంగు, గంజాయి, ఆయుర్వేదం పేరుతో వచ్చే విజయ నూనె, ఏది వాడుతున్నా డాక్టరు దగ్గర దాచకండి. సీబీడీ వల్ల సిటలోప్రామ్ లాంటి మందుల స్థాయి రక్తంలో పెరగవచ్చు. డాక్టరు అందుబాటులో లేకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. రాత్రైనా పగలైనా ఉచితమే, తెలుగులో మాట్లాడతారు.