వద్దనే వీలు

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక తెలుగు సంఘం. అందులో పన్నెండు మంది ఈ వేసవిలో హోండురాస్ వెళ్ళి, పది రోజులుండి, ఒక పల్లెలో ఇల్లు కట్టి, పిల్లలకు వి.బి.ఎస్. (సెలవుల బైబిలు బడి) నడిపి రావాలని తయారవుతున్నారు. వాళ్ళలో ఒకడు ఒంగోలు కుర్రాడు. అతని మేనమామ పాస్టరుగా చేసి రిటైరై, మనవరాలిని చూసుకోవడానికి అమెరికా వచ్చాడు. ఈ ఇద్దరూ నేను కల్పించినవాళ్ళే. వాళ్ళ మాటల్లో వచ్చే చరిత్ర మాత్రం కల్పన కాదు.

మేనల్లుడు: టీకాలు అయిపోయాయి మావయ్యా. స్పానిష్‌లో నాలుగు పాటలు వచ్చేశాయి. ఇక సామాన్లు సర్దుకోవడమే. మనిషికి రెండు పెట్టెలు. ఒకటి మాది, రెండోది అచ్చంగా వాళ్ళకే. బట్టలు, బొమ్మలు, టూత్‌బ్రష్‌లు.

మేనమామ: సామాన్ల సంగతి లూకా పదో అధ్యాయంలో కూడా ఉంది.

మేనల్లుడు: తెలుసు. డెబ్బై మందిని పంపుతూ యేసు సంచి వద్దు, జాలె వద్దు, చెప్పులు వద్దన్నాడు. మలేరియా మాత్రలు కూడా వద్దంటావా?

మేనమామ: మాత్రలు వేసుకో. ఎందుకు వద్దన్నాడో చెప్పు.

మేనల్లుడు: దేవుడి మీద ఆధారపడాలని.

మేనమామ: అవును. కానీ కొంచెం కిందికి చదువు. పెట్టింది తినండి, ఇల్లిల్లూ మారకండి అన్నాడు. ఏ ఊరైనా చేర్చుకోకపోతే ధూళి దులుపుకుని వెళ్ళిపొమ్మన్నాడు. అంటే, వద్దనే ఊరు కూడా ఉంటుందని ముందే లెక్కేశాడు. వట్టి చేతులతో గుమ్మంలో నిలబడ్డవాణ్ణి వద్దనడం తేలిక. పెట్టె నిండా బొమ్మలు తెచ్చినవాణ్ణి ఏ తల్లి వద్దంటుంది?

మేనల్లుడు: వద్దనాల్సిన పనేముంది? వాళ్ళకి ఇల్లు కావాలి.

మేనమామ: ఇల్లు కావాలి. నువ్వు కావాలా?

మేనమామ మాట కటువుగా ఉంది గానీ, అడగాల్సిందే అడిగాడు. 1998లో మిచ్ తుపాను హోండురాస్‌ను ఊడ్చేశాక, ఉత్తర అమెరికా సంఘాలు గుంపులు గుంపులుగా వెళ్ళి ఇళ్ళు కట్టాయి. అక్కడే ఉంటున్న క్రైస్తవ సామాజిక శాస్త్రవేత్త కర్ట్ వెర్ బీక్ ఆ పనిని పరిశీలించి 2006లో రాశాడు. విమానం చార్జీలతో కలిపితే గుంపులు కట్టిన ఇల్లు ఒక్కొక్కటి సుమారు 30,000 డాలర్లకు తేలింది. అక్కడి సంస్థలు అలాంటిదే 2,000 డాలర్లకు కట్టాయి. ఇల్లు ఎవరు కట్టారన్నదాన్ని బట్టి ఆ కుటుంబాల బతుకుల్లో చెప్పుకోదగ్గ తేడా కూడా ఆయనకు కనిపించలేదు. మేనమామ ఈ లెక్కే మేనల్లుడికి చెప్పాడు.

మేనల్లుడు: లెక్క సరే మావయ్యా. కానీ మేం వెళ్ళకపోతే ఆ 28,000 హోండురాస్‌కి పోదు, డిస్నీ వరల్డ్‌కి పోతుంది. మేం వెళ్తున్నామనే జనం చందా ఇస్తారు. ఇంకొకటి, వెళ్ళొచ్చినవాడు మారతాడు. తర్వాత జీవితమంతా ఇస్తాడు.

మేనమామ: మారతాడా? వెళ్ళొచ్చినవాళ్ళ కానుకలు పెద్దగా పెరగలేదని ఆయనే రాశాడుగా.

ఆ రెండో మాటకు జవాబు దొరికింది. మొదటిదానికి దొరకలేదు, మేనమామ దాన్ని దాటేశాడు. నా లెక్కలో అక్కడ మేనల్లుడిదే పైచేయి.

మేనల్లుడు: ఖర్చు చూసుకుని మన ఒంగోలు మిషనరీ క్లౌ దొర అమెరికాలోనే ఉండిపోతే నువ్వు పాస్టరు అయ్యేవాడివా?

మేనమామ: బాగా గుర్తుచేశావు. దొర 1866లో ఒంగోలు చేరాడు. ధాత కరువు వచ్చింది 1876లో. అంటే పదేళ్ళు మన భాషలో మన తిట్లు కూడా తిన్నాక. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకున్నాడు. బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టి, మాదిగపల్లెల జనానికి కూలి ఇప్పించాడు. జనం బాప్తిస్మం ఇవ్వమని వచ్చారు. ఏం చేశాడు?

మేనల్లుడు: ఇవ్వలేదు.

మేనమామ: ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. చేతిలో గింజలున్నంతసేపు వాళ్ళు చెప్పే ‘సరే’ని నమ్మలేదు. సాయం పని ముగిశాకే, 1878 జులై 3న గుండ్లకమ్మలో 2,222 మంది. అప్పుడు కూడా నీళ్ళలో నిలబడి ఇచ్చింది దొర కాదు, తెలుగు బోధకులు. ఇద్దరేసి వంతులు మార్చుకుంటూ.

మేనల్లుడు: కానీ ప్రాణం నిలబెట్టినవాడి మీద కృతజ్ఞత ఉండదా? పని ముగిసిందని అది ఆగుతుందా? అదీ ఒక బంధమే కదా.

మేనమామ: బంధమే. దాన్ని దొర కూడా తెంచలేడు. కూటికోసం కలిశారన్న మాట మనవాళ్ళు ఇప్పటికీ పడుతూనే ఉన్నారు. అయినా, కాదనుకుంటే ఇంటికి వెళ్ళిపోవడానికి వాళ్ళకి ఏడాది దొరికింది. మీ పది రోజుల్లో ఆ పల్లెకి ఎంతసేపు దొరుకుతుంది?

మేనల్లుడు: అయితే జీవితాంతం ఉండేవాడే వెళ్ళాలన్నమాట.

మేనమామ: అలాంటివాళ్ళూ ఉన్నారు. 1903లో మన నెల్లూరు వైపు నుంచి జాన్ రంగయ్య దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్ళాడు. తోటల్లో ఉన్న తెలుగు కూలీలు తమకో బోధకుడు కావాలన్నారు, మన తెలుగు బాప్తిస్టులు పంపారు. 1915లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. కానీ పౌలు థెస్సలొనీకలో మూడు విశ్రాంతి దినాలు బోధించాడని అపొస్తలుల కార్యాల్లో ఉంది. ఎక్కువ కాలమేం కాదు. వెళ్ళగొట్టారు కూడా. ఉన్నన్నాళ్ళూ తన కూడు తానే కష్టపడి సంపాదించుకున్నాడు, ఎవరికీ బరువు కాలేదు. కాబట్టి ఎన్నాళ్ళన్నది కాదు నా గొడవ.

మేనల్లుడు: సరే, అక్కడి పాస్టరుకి రాస్తాను. మేం రావడం మేలా, డబ్బు పంపడం మేలా, సూటిగా చెప్పమని.

మేనమామ: చెప్పడు. నేనైనా చెప్పను. అమెరికా సంఘం అలా అడిగితే, తప్పకుండా రండి అనే రాస్తాను. వచ్చే ఏడు మళ్ళీ అవసరం పడదూ?

మేనల్లుడు: మరి తెలిసేదెలా?

మేనమామ: ఇంటి డబ్బు ముందే పంపెయ్యండి. అది చేరి, వాళ్ళు పని మొదలెట్టాక, మేం రావచ్చా అని అడగండి. వద్దంటే పోయేదేమీ ఉండకూడదు వాళ్ళకి.

మేనల్లుడు: చందాలిచ్చినవాళ్ళు ఒప్పుకోరు. ఆదివారం ముందు నిలబెట్టి, చేతులుంచి ప్రార్థించి పంపడానికి వాళ్ళకో గుంపు కావాలి.

మేనమామ: నీ వాటా?

మేనల్లుడు: నా జీతంలోదే. కానీ టికెట్ రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కిచ్చేది ఈ నెలాఖరు దాకానే.

మేనమామ: ఇక్కణ్ణుంచి హోండురాస్‌కి డబ్బు చేరడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

మేనల్లుడు: మహా అయితే నాలుగు రోజులు. ముందు మా గుంపు లీడర్‌కి ఫోన్ చెయ్యనీ, ఆయనకి కోపం వచ్చేలా ఉంది.